మిస్డ్‌కాల్‌కి పలకని మోటారు

పట్టిసీమ అనగానే బయటివాళ్ళకి రెండు గుర్తొస్తాయి. గోదావరి మధ్యలో కొండ మీదున్న వీరభద్రస్వామి గుడి ఒకటి. 2015లో మొదలైన ఎత్తిపోతల పథకం రెండోది. ఒడ్డున 24 పంపులు వరసగా ఉంటాయి. ఒక్కో పంపు సెకనుకి 354 ఘనపుటడుగుల నీళ్ళు తోడుతుంది. అంటే సుమారు పది వేల లీటర్లు. అన్నీ కలిపితే 8,500 క్యూసెక్కులు. ఆ నీళ్ళన్నీ పోలవరం కుడికాలువలో పడి కృష్ణా డెల్టా దాకా వెళ్తాయి.

మూడో రకం పంపు గురించి మాత్రం ఎవరూ రాయరు. అది మా చేలో ఉంది. బోరులో దింపిన 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. బాగా పోస్తే సెకనుకి నాలుగైదు లీటర్లు వస్తాయి. ఒడ్డు మీదున్న ఒక్క పెద్ద పంపుకి సమానం కావాలంటే మా మోటార్లు రెండు వేలు కావాలి. నది పక్కనే ఉన్నా మా మెరక చేలకి ఆ నీరు ఎక్కదు. మొక్కజొన్నకైనా, ఆయిల్ పామ్‌కైనా బోరే దిక్కు. అందుకే మా ఇంట్లో రోజుకి కనీసం నాలుగుసార్లు వినిపించే ప్రశ్న ఒకటే: "మోటారు తిరుగుతోందా?"

ఆ ప్రశ్నకి సరైన జవాబు చెప్పలేని ఒక చిన్న డబ్బాని పీకేసి, దాని బదులు ఇంకోటి ఎలా పెట్టామో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీ అమ్మానాన్నలకి కూడా ఎక్కడో ఒక బోరు, ఒక స్టార్టర్ డబ్బా ఉంటే మీకు పనికొస్తుంది.

అసలు ఈ మొబైల్ స్టార్టర్ ఏంటి?

సిటీలో పెరిగినవాళ్ళ కోసం ముందు రెండు మాటలు. వ్యవసాయ మోటారుకి త్రీఫేజ్ కరెంటు కావాలి. ఏపీలో వ్యవసాయానికి 2004 నుంచి ఉచిత కరెంటు ఉంది, ఇప్పుడు రోజుకి 9 గంటలు పగటిపూట ఇవ్వాలన్నది లెక్క. కానీ గాలివానకి లైను తెగినా, ఎక్కడో బ్రేక్‌డౌన్ అయినా పోయిన గంటలు తర్వాత ఎప్పుడో వస్తాయి. ఆ 'ఎప్పుడో' ఒక్కోసారి రాత్రి పదకొండు, ఒక్కోసారి తెల్లవారుజామున మూడు. కరెంటు వచ్చినప్పుడు చేలోకి వెళ్ళి స్టార్టర్ మీద పచ్చ బటన్ నొక్కాలి. పోయి మళ్ళీ వస్తే మళ్ళీ వెళ్ళి నొక్కాలి.

ఈ నడకని తప్పించడానికి వచ్చిందే మొబైల్ స్టార్టర్. స్టార్టర్ పక్కన చిన్న పెట్టె, అందులో ఒక సిమ్ కార్డు. ఇంట్లో కూర్చుని ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవుతుంది, ఇంకో రకంగా చేస్తే ఆఫ్ అవుతుంది. పుణెకి చెందిన సంతోష్ ఓస్త్‌వాల్ అనే ఇంజనీర్, వాళ్ళ తాతగారు పంపు ఆన్ చేయడానికి పడే అవస్థ చూసి 'నానో గణేశ్' అనే పరికరం తయారుచేశారు. 2009లో నోకియా పెట్టిన పోటీలో దానికి బహుమతి కూడా వచ్చింది. ఆ తర్వాత అలాంటివి పదుల రకాలు మార్కెట్లోకి వచ్చాయి. ఇప్పుడు ఏ ఊళ్ళోనైనా మోటారు సామాన్ల షాపులో అడిగితే నాలుగైదు తీసి బల్ల మీద పెడతారు.

మా నాన్న మూడేళ్ళ క్రితం ఒకటి కొన్నారు. మొదటి ఏడాది అద్భుతంగా పనిచేసింది. రెండో ఏడాది అప్పుడప్పుడూ మొరాయించేది. మూడో ఏడాదికి పరిస్థితి ఏంటంటే, నాన్న మిస్డ్‌కాల్ ఇచ్చేవారు, అది పలికేది, అయినా నమ్మకం లేక టార్చిలైటు పట్టుకుని చేలోకి వెళ్ళి చూసొచ్చేవారు. అంటే డబ్బా ఉన్నా నడక తప్పలేదు. పైగా ఫోన్ ఖర్చు అదనం.

రాత్రి నడక ఖరీదు

ఇదేదో చిన్న విసుగు అనుకోకండి. మా చేను ఇంటి నుంచి కిలోమీటరున్నర. సగం దారి గట్టు మీద నడక. నాన్నకి 62 ఏళ్ళు, షుగర్ ఉంది, రాత్రి చూపు తక్కువ.

పాముల సంగతి వేరే చెప్పాలా? కట్లపాము రాత్రిళ్ళే తిరుగుతుంది. అది కరిస్తే మొదట్లో నొప్పి కూడా పెద్దగా తెలియదు, అందుకే ఇంకా ప్రమాదం. 2020లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. చావులు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పల్లెల్లోనే ఎక్కువ, వానాకాలంలో ఇంకా ఎక్కువ. మా పక్క చేను ఆయన కిందటేడు మోటారు వేయడానికి వెళ్ళి పాము కరిచి వారం రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు.

మరోపక్క పంట. రబీ మొక్కజొన్నకి జల్లు వేసి కంకి తొడిగే రోజులు చాలా కీలకం. ఆ రెండు మూడు వారాల్లో నీటి ఎద్దడి వస్తే గింజ సరిగ్గా పట్టదు, తర్వాత ఎంత తడి పెట్టినా అది తిరిగిరాదు. సంక్రాంతికి నేను ఊరొచ్చేసరికి మా చేను సరిగ్గా ఆ దశలో ఉంది. మోటారు తిరిగిందనుకుని నిద్రపోయిన ఒక రాత్రి, అది తిరగలేదని పొద్దున్న తెలిసింది. నాన్న ఏమీ అనలేదు. మరుసటి రోజు నుంచి మంచం వరండాలోకి మార్చుకున్నారు, వీధి లైటు వెలిగితే లేచి వెళ్ళొచ్చని.

నేను రెండు వారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకున్నాను.

ముందు నోట్‌బుక్, తర్వాతే స్క్రూడ్రైవర్

"ఆ డబ్బా పాడైపోయిందిరా, కొత్తది తెచ్చేద్దాం" అన్నారు నాన్న. ఆఫీసులో నేను నేర్చుకున్నది ఒకటుంది. ఎందుకు పాడైందో తెలియకుండా కొత్తది తెస్తే, రెండేళ్ళ తర్వాత అదే పాట మళ్ళీ పాడాలి. అందుకని ఒక పాత లాంగ్‌బుక్ తీసి గీతలు కొట్టాను. తేదీ, టైము, ఫోన్ ఎవరు చేశారు, రింగ్ అయిందా, ఏం చెప్పింది, మోటారు నిజంగా తిరిగిందా. చివరి గడి నింపడం కోసం ప్రతిసారీ నేనే బండి మీద వెళ్ళి చూసేవాణ్ణి.

రెండు వారాల్లో 31 సార్లు కాల్ చేశాం. 12 సార్లు పని జరగలేదు. ఆ 12 మూడు రకాలుగా విడిపోయాయి.

మొదటి రకం, ఏడుసార్లు: నంబర్ అసలు కలవలేదు. టైములు చూస్తే ఒక విషయం కనిపించింది. ఈ ఏడింట్లో ఐదు, కరెంటు వచ్చిన మొదటి ఐదు నిమిషాల్లోపే. అదెందుకు? మా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లలో చాలావాటికి ఆటో స్టార్టర్లు ఉన్నాయి. కరెంటు రాగానే అన్నీ ఒక్కసారి లేస్తాయి. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. దాంతో వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది. అదే సమయంలో మన డబ్బాలోని 2జీ మాడ్యూల్ టవర్‌ని వెతుక్కుంటూ ఉంటుంది. టవర్‌కి సిగ్నల్ పంపే ఆ క్షణాల్లో అది రెండు ఆంపియర్ల దాకా గుంజుతుంది. దానికి దన్నుగా ఉండాల్సిన చిన్న బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. ఇక ఏం చేస్తుంది? లేవడం, పడటం, మళ్ళీ లేవడం. మన భాషలో చెప్పాలంటే ఫోన్ రీస్టార్ట్ లూప్‌లో పడినట్టన్నమాట.

రెండో రకం, మూడుసార్లు: కాల్ కలిసింది, డబ్బాలో రిలే 'టక్' మంది, కానీ స్టార్టర్‌లో కాంటాక్టర్ పట్టుకోలేదు. కారణం అదే, వోల్టేజీ చాలకపోవడం.

మూడో రకం, రెండేసార్లు. కానీ నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. "మోటారు ఆన్ అయింది" అని డబ్బా చక్కగా తెలుగులో చెప్పింది. మోటారు మాత్రం తిరగలేదు. ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయి ఉంది. అసలు సంగతి ఏంటంటే, మోటారుకి కరెంటు వెళ్తోందో లేదో ఆ డబ్బాకి తెలిసే దారే లేదు. దానికి తెలిసిందల్లా తాను స్విచ్ నొక్కానని మాత్రమే.

'చెప్పింది చేశాను' అనడం వేరు, 'పని జరిగింది' అనడం వేరు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. సర్వర్ అంతా ఓకే అని జవాబు పంపుతుంది, డేటాబేస్‌లో మాత్రం ఏమీ ఉండదు. నాన్నకి ఈ మాట చెబితే ఇంకా తేలిగ్గా తేల్చేశారు. "కూలోడు గట్టు మీద నుంచి 'నీళ్ళు కట్టానండీ' అంటే నమ్ముతామేటి? మడిలో తడి చూడాలి గానీ."

చలి దేశంలోనూ ఇదే గొడవ

ఆ వారమే మా ఇంజనీరింగ్ బ్యాచ్‌మేట్ ఒకడు ఇంగ్లండ్ నుంచి ఫోన్ చేశాడు. వాడి గొడవ వాడిది. అక్కడ ఇళ్ళల్లో బాయిలర్ ఉంటుంది. అది నీళ్ళు వేడిచేసి గొట్టాల ద్వారా గదుల్లోని రేడియేటర్లకి పంపుతుంది. గది ఎంత వెచ్చగా ఉందో చూసే థర్మోస్టాట్ హాల్లో ఉంటుంది, బాయిలర్ వంటగదిలో ఉంటుంది. రెంటికీ మధ్య తీగ లేదు, రేడియో సిగ్నలే. వాడి థర్మోస్టాట్ గోడ మీద 'హీటింగ్ ఆన్' అని చూపిస్తోంది, బాయిలర్‌కి మాత్రం ఆ కబురు అందట్లేదు. చంటిపిల్లతో రాత్రంతా దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారట.

నవ్వొచ్చింది, ఆశ్చర్యమూ వేసింది. వాడిది చలి, మాది తడి. పరికరం మాత్రం ఒకటే: ఒకచోట నిర్ణయం, ఇంకోచోట పని, మధ్యలో గాలి. ఆ గాలిలో మాట పోయినప్పుడు ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

థర్మోస్టాట్ పుట్టుక కథ కూడా మా నాన్న కథలాగే ఉంటుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు ఉండేవారు. కాలేజీలో ఏ గది ఎంత వేడిగా ఉందో చూడ్డానికి ఒక పనివాడు మాటిమాటికీ క్లాసులోకి రావడం, మళ్ళీ కిందకి దిగి పొయ్యి గాలి సర్దడం, ఇదీ అక్కడి పద్ధతి. ఆ తిరుగుడు తప్పించడానికి ఆయన గది ఉష్ణోగ్రతని బట్టి కింద గంట మోగే విద్యుత్ పరికరం తయారుచేసి 1883లో పేటెంట్ తీసుకున్నారు. నూట నలభై ఏళ్ళ క్రితం కూడా సమస్య ఎవరో ఒకరు నడవాల్సి రావడమే.

మా ఫ్రెండ్ చివరికి కొత్త థర్మోస్టాట్ కొన్నాడు. దాంట్లో వాడికి నచ్చిన గుణం ఒకటి చెప్పాడు: కొంతసేపు గోడ మీది పెట్టె మాట వినపడకపోతే బాయిలర్ తనంతట తనే ఆగిపోతుంది, లింకు పోయిందని దీపం మెరుస్తుంది. ఆ మాట నేను లాంగ్‌బుక్‌లో రాసుకున్నాను.

మూడు దారులు

మొదటి దారి, ఆటో స్టార్టర్. చవక, సిమ్ గొడవ లేదు, కరెంటు రాగానే తానే వేస్తుంది. కానీ ఊరంతా అదే పెట్టుకోబట్టే వోల్టేజీ కుప్పకూలుతోంది, ట్రాన్స్‌ఫార్మర్ల మీద భారం పడుతోంది. వాటిని తీసేసి కెపాసిటర్లు పెట్టుకోమని కరెంటోళ్ళు చెప్పేది అందుకే. పైగా బోరులో నీళ్ళు లేకపోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. కిందటిసారి అలా కాలిన మోటారుని పైకి తీసి, వైండింగ్ చేయించి, మళ్ళీ దింపడానికి మాకు పదకొండు వేలు అయ్యింది.

రెండో దారి, 4జీ మొబైల్ స్టార్టర్. పాతదాంట్లో ఉన్నది 2జీ. 2016లో వచ్చిన జియోకి 2జీ లేనే లేదు, కాబట్టి ఆ సిమ్ పాత డబ్బాల్లో పనిచేయదు. చాలా దేశాల్లో 2జీ ఆపేశారు కూడా. అమెరికాలో ఏటీ అండ్ టీ 2017 మొదలయ్యేసరికే మూసేసింది. ఈ రోజుల్లో 2జీ డబ్బా కొనడం అంటే పాత రైలుకి సీజన్ పాస్ తీసుకున్నట్టే. 4జీది మేలు, కానీ మా షెడ్డు పల్లంలో ఉంది. నా ఫోన్‌లోనే అక్కడ ఒక గీత వస్తే గొప్ప. ప్రతి నెలా రీచార్జ్ గుర్తుపెట్టుకోవాలి. అది అయిపోతే కొన్నాళ్ళకి ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది.

మూడో దారి, సిమ్ అక్కర్లేని రేడియో జత. ఒక పెట్టె ఇంట్లో, ఒక పెట్టె చేలో. రెండూ లోరా అనే పద్ధతిలో మాట్లాడుకుంటాయి. ఇది వీడియోలకీ పాటలకీ పనికిరాదు. నాలుగు ముక్కల కబురుని తక్కువ కరెంటుతో కిలోమీటర్ల దూరం పంపడానికే పుట్టింది. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్స్ లేకుండా దీన్ని వాడుకోవచ్చు. యూరప్‌లో వైర్‌లెస్ థర్మోస్టాట్లు ఎక్కువగా మాట్లాడుకునే 868 దానికి పక్కింటిదే.

మా పరిస్థితికి మూడోదే కుదిరింది. దూరం కిలోమీటరున్నర. మధ్యలో కొండ లేదు, కొబ్బరిచెట్లు, కొంత ఆయిల్ పామ్ తోట ఉన్నాయి. ఇంటి యాంటెన్నా మేడ మీద పిట్టగోడకి, చేలోది షెడ్డు కప్పు మీద పన్నెండడుగుల గొట్టానికి కడితే సరిపోతుందని ముందు అరువు తెచ్చిన జతతో రెండు రోజులు చూసుకున్నాం. చెట్ల ఆకుల్లోంచి సిగ్నల్ కొంత తగ్గింది, తెగలేదు.

"నువ్వే తయారు చేయొచ్చు కదరా, ఇంజనీరువి" అన్నాడు మా తమ్ముడు. చేయొచ్చు. కానీ నేను హైదరాబాద్‌లో మీటింగ్‌లో ఉన్నప్పుడు అది ఆగిపోతే ఎవరు చూస్తారు? ఊళ్ళో ఎలక్ట్రీషియన్‌కి అర్థమయ్యేది, పార్టులు రాజమండ్రిలో దొరికేది కావాలి. అందుకే రెడీమేడ్‌దే కొన్నాం. జత, యాంటెన్నాలు, గొట్టం, పనివాళ్ళతో కలిపి తొమ్మిది వేల చిల్లర అయ్యింది.

నాన్న పెట్టిన మూడు షరతులు

కొనేముందు నాన్న చెప్పిన మాటలు ఏ కంపెనీ బ్రోషర్‌లోనూ లేవు.

"ఒకటి, చేలో ఉన్న పచ్చ బటన్, ఎర్ర బటన్ అలాగే ఉండాలి. ఇది చచ్చినా నేను చేత్తో వేసుకోగలగాలి."

"రెండు, అది తిరుగుతున్నప్పుడే దీపం వెలగాలి. ఉత్తినే వెలిగేది నాకొద్దు."

"మూడు, మీ అమ్మ కూడా వాడేలా ఉండాలి. ఫోన్లో యాప్ అంటే అది నీకు, మాకు కాదు."

మూడూ న్యాయమైనవే. ఇంటి పెట్టె మీద రెండు బటన్లు, మూడు దీపాలు. పసుపు దీపం వెలిగితే చేలో త్రీఫేజ్ కరెంటు ఉందని. పచ్చ దీపం వెలిగితే మోటారు నిజంగా తిరుగుతోందని. ఎర్ర దీపం మెరిస్తే చేలో పెట్టెతో మాట తెగిపోయిందని. వైఫై కూడా ఉంది కాబట్టి ఇదంతా హైదరాబాద్‌లో నా ఫోన్‌లో కనిపిస్తుంది. కానీ నెట్ పోయినా ఇంట్లో బటన్, దీపం ఆగవు.

పచ్చ దీపానికి ఆధారం ఒక చిన్న చుట్ట. మోటారుకి వెళ్ళే వైరు చుట్టూ దాన్ని తొడుగుతారు. దాని పేరు కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, మా వాళ్ళు సీటీ కాయిల్ అంటారు. వైరులో ఎంత కరెంటు పారుతోందో అది చెబుతుంది. మా మోటారు మంచిగా నీళ్ళు పోసేటప్పుడు సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్టర్ ట్రిప్ అయితే సున్నా. బోరులో నీళ్ళు తగ్గితే లాగడానికి బరువుండదు కాబట్టి కరెంటు బాగా పడిపోతుంది. అంటే ఒక్క చుట్టతో మోటారు తిరుగుతోందా, నీళ్ళు పోస్తోందా అన్న రెండు సంగతులూ తెలుస్తాయి.

బిగించిన రోజు

పని చేసింది ఊళ్ళో ఎలక్ట్రీషియన్ బాబాయి. 415 వోల్టుల త్రీఫేజ్ లైను అది. యూట్యూబ్ చూసి చేయి పెట్టే చోటు కాదు, దయచేసి మీరూ పెట్టకండి. ఆయన ముందు స్తంభం దగ్గర ఫ్యూజులు లాగేసి జేబులో వేసుకున్నారు. "ఫ్యూజు నా జేబులో ఉంటే కరెంటు నా చేతిలో ఉన్నట్టు బాబూ" అన్నారు. తర్వాత టెస్టర్‌తో మూడు ఫేజులూ చూశాకే డబ్బా తెరిచారు.

ఎర్త్ వైరు చూస్తే తుప్పుపట్టి తెగిపోయి ఉంది. ముందు అది కొత్తగా వేశాం. పిడుగులకి, వోల్టేజీ ఎగిసినప్పుడు తట్టుకోవడానికి సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి పెట్టాం. ఎర్త్ సరిగా లేకపోతే అది ఉన్నా లేనట్టే. కొత్త పెట్టె రిలేని పచ్చ బటన్ వైర్లకి సమాంతరంగా కలిపారు, ఆపే రిలేని ఎర్ర బటన్ వరసలో కలిపారు. అంటే బటన్ చేసే పనే అదీ చేస్తుంది. దాన్ని పూర్తిగా పక్కకి తప్పించడానికి ఒక చేంజోవర్ స్విచ్ కూడా పెట్టారు. నాన్న మొదటి షరతు అక్కడ తీరింది.

తర్వాత సెట్టింగులు. ఇక్కడే థర్మోస్టాట్ పాఠం పనికొచ్చింది. మంచి థర్మోస్టాట్ 20 డిగ్రీల దగ్గర టకటకా వేసి ఆపదు. కాస్త తగ్గేదాకా ఆగి వేస్తుంది, కాస్త పెరిగేదాకా ఆగి ఆపుతుంది. లేకపోతే బాయిలర్ అరిగిపోతుంది. మేమూ అలాగే పెట్టాం. కరెంటు రాగానే మోటారు వేయొద్దు, నాలుగు నిమిషాలు ఆగి, వోల్టేజీ కుదుటపడ్డాక, మూడు ఫేజులూ సరిగ్గా ఉంటేనే వేయాలి. ఆంపియర్లు తగ్గితే వెంటనే ఆపొద్దు, పది సెకన్లు అలాగే ఉంటే ఆపాలి. అలా ఆగితే అరగంట దాకా మళ్ళీ వేయొద్దు, ఈలోపు బోరులో నీరు ఊరుతుంది.

ఇక అసలు ప్రశ్న: మాట తెగిపోతే? తిరుగుతున్న మోటారుని వెంటనే ఆపితే తడి సగంలో ఆగిపోతుంది. ఆపకుండా వదిలేస్తే రాత్రంతా తిరిగి గట్టు తెగుతుంది. నాన్న లెక్క వేసి చెప్పారు: "ఒక మడికి మూడు గంటలు. అంతకుమించి తిరగడానికి పనేం లేదు." అందుకని లింకు పోయినా మూడు గంటలు నిండగానే మోటారు దానంతట అదే ఆగుతుంది. ఇంట్లో ఎర్ర దీపం మెరుస్తుంది. ఈ ఒక్క నంబర్ ఏ ఇంజనీరూ చెప్పలేడు. మడి తెలిసినవాళ్ళే చెప్పాలి.

తర్వాత ఏమైంది?

నేను హైదరాబాద్ వచ్చేశాక లాంగ్‌బుక్ అమ్మ చేతికి వెళ్ళింది. మొదటి నెలలో 64 సార్లు వేశారు. మూడుసార్లు ఎర్ర దీపం మెరిసింది. రెండుసార్లు దానంతట అదే సర్దుకుంది. ఒకసారి ఈదురుగాలికి షెడ్డు మీద గొట్టం వంగింది, నాన్న పొద్దున్నే వెళ్ళి నిలబెట్టి తాడుతో కట్టారు. ఆ మూడుసార్లూ పని ఆగిందన్న సంగతి ఇంట్లో తెలిసింది. పాతదానికీ దీనికీ అసలు తేడా అదే. ఇదీ చెడుతుంది, కానీ చెడినప్పుడు చెబుతుంది.

ఒకరోజు పచ్చ దీపం వెలిగి పావుగంటకే ఆరిపోయింది. నాన్న ఫోన్ చేశారు, కంగారుగా. నా యాప్‌లో చూస్తే 8 నుంచి 5కి పడ్డాయి ఆంపియర్లు. బోరులో నీరు తగ్గి అదే ఆపింది. అరగంటకి మళ్ళీ తీసుకుంది. "అయితే పదకొండు వేలు మిగిలాయన్నమాట" అన్నారు. ఆ తర్వాత రోజూ మూడు గంటలు ఒకే ఊపున కాకుండా గంటన్నర చొప్పున రెండుసార్లు వేయడం మొదలుపెట్టారు. బోరుకి ఎంత ఓపిక ఉందో ఇన్నాళ్ళూ ఊహే. ఇప్పుడు అంకెలు ఉన్నాయి.

రాత్రి నడక పూర్తిగా పోలేదు. మళ్ళు మార్చాలంటే మనిషి వెళ్ళాల్సిందే, దానికి ఇంకా డబ్బా రాలేదు. కానీ ఉత్తినే చూసి రావడానికి వెళ్ళే నడక పోయింది. మంచం మళ్ళీ లోపలికి వచ్చింది.

కొనేముందు షాపులో అడగాల్సినవి

ఒకటి: మోటారు తిరుగుతోందని దీనికెలా తెలుస్తుంది? సీటీ కాయిల్ ఉందా, లేక స్విచ్ నొక్కి ఊరుకుంటుందా?

రెండు: 2జీనా, 4జీనా, రేడియోనా? సిమ్ రకమైతే మీ షెడ్డు దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ ఉందో ముందు ఫోన్‌తో అక్కడే నిలబడి చూడండి.

మూడు: లింకు పోతే మోటారుని ఏం చేస్తుంది? దీనికి షాపువాడు తడబడితే పక్క షాపుకి వెళ్ళండి.

నాలుగు: నీళ్ళు లేకుండా తిరిగితే ఆపుతుందా? ఫేజు పోతే, వోల్టేజీ తగ్గితే ఆపుతుందా?

ఐదు: కరెంటు వచ్చాక ఎన్ని నిమిషాలు ఆగి వేయాలో మనం పెట్టుకోవచ్చా?

ఆరు: లోపలి బ్యాటరీ మార్చుకోవచ్చా? ఎంతకి, ఎక్కడ దొరుకుతుంది? ఇవి మూడేళ్ళలో ఉబ్బడం మామూలే.

ఏడు: పాత బటన్లు అలాగే పనిచేస్తాయా?

మనలో చాలామంది ఊరికి డబ్బు పంపుతాం, రీచార్జులు చేస్తాం, పండగకి చీర తీసుకెళ్తాం. ఈసారి వెళ్ళినప్పుడు ఒక పూట స్టార్టర్ డబ్బా దగ్గర గడపండి. మీ నాన్న రాత్రిపూట ఎన్నిసార్లు లేచి వెళ్తున్నారో అడగండి. ఎందుకు వెళ్తున్నారో కూడా అడగండి. "చూసి రావడానికి" అని జవాబొస్తే, దాన్ని మాన్పించే దారి ఉంది.